సమ్మతి లేని చోట సంఘము లేదు

ఆలయము లేని తబూకు నగరమున నివసించుచున్న ఒక ఒంగోలు బాప్తిస్టు, తన విశ్వాసమునకును సంఘసభ్యత్వమునకును చెప్పుకొను కారణములు

సౌదీ అరేబియా దేశపు వాయవ్య భాగమున, యోర్దాను సరిహద్దునకు దాదాపు 100 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు 700 మీటర్లకు పైబడిన పీఠభూమి మీద తబూకు నగరము నెలకొనియున్నది. శీతకాలపు రాత్రులలో ఎముకలు కొరుకు చలియు, వేసవి పగళ్ళలో కన్ను తెరువనీయని వడగాలియు గల యీ నేలలో, భూగర్భజలమును పైకి తోడి, ఎడారి నడుమ గుండ్రని మడులలో గోధుమను, పండ్లను, పూలను పండించుచున్నారు. 1906లో హిజాజు రైలుమార్గము ఈ యూరిని చేరి, రెండేండ్లకు మదీనాను ముట్టినది. ఆనాటి రైలు నిలయము నేటికిని నిలిచియున్నది. ఈ నగరమున ఆసుపత్రులలో, గిడ్డంగులలో, తోటలలో, కట్టడపు పనులలో మన తెలుగువారు బ్రదుకు తెరువు వెదకికొనుచున్నారు. వారిలో క్రైస్తవులు కొందరు కలరు. అయితే వారికి ఇచ్చట ఆలయము లేదు. ముస్లిమేతరుల బహిరంగారాధనను ఈ రాజ్యపు చట్టము అనుమతింపదు. ఆదివారము అందరికిని పనిదినమే.

నాతో కలిసి పనిచేయు మిత్రుడొకడు గుంటూరు జిల్లా లూథరను కుటుంబమున పుట్టినవాడు. ఒకనాటి సాయంకాలము మాటల నడుమ అతడు నన్ను సూటిగా నడిగెను: "అన్నా, గుడే లేని ఊళ్ళో ఉండి ఇంకా నేను బాప్తిస్టునంటావేంటి? ఇక్కడ మనందరం ఒకటే గదా!" అతని మాటలో ప్రేమయే గాని ఆక్షేపణ లేదు. క్రీస్తునందు మనమందరము ఒక్కటియే యన్నమాట నిజము. 1803లో పుట్టి, 1833లో కటకమున బాప్తిస్టు మిషనరీలచేత బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారి కీర్తనలు అతని నాయనమ్మకును మా నాయనమ్మకును సమానముగా కంఠస్థములు. అయినను ఆ ప్రశ్న నన్ను విడువలేదు. ఆలయము, గంట, గాయకబృందము, ఆదివారపు తెల్లబట్టలు, క్రిస్మసు తారలు, ఇవన్నియు తొలగిపోయిన చోట, ఒక మనుష్యుడు తాను ఫలానా సంఘమువాడనని చెప్పుకొనుటకు మిగులు కారణమేమి? ఆ కారణమును నాకు నేనే స్పష్టపరచుకొనుటకును, నాబోటివారికి తెలుపుటకును ఈ వ్యాసము వ్రాయుచున్నాను.

పుట్టుకతో రాని సభ్యత్వము

బాప్తిస్టు ఇంట పుట్టినవాడు బాప్తిస్టు కాడు. ఈ సంగతి వినుటకు వింతగా నుండును గాని, మా సంఘపు మూలసూత్రమిదియే. బిడ్డ పుట్టగనే తలిదండ్రులు సంఘము నెదుట నిలిచి ప్రతిష్ఠ ప్రార్థన చేయింతురు, పాస్టరుగారు బిడ్డను చేతులలోనికి తీసికొని ఆశీర్వదింతురు, అంతే. నీటి బిందువొకటియైనను ఆ బిడ్డ తలను తాకదు. ఆ బిడ్డ పెరిగి, విని, ఆలోచించి, పాపమునుగూర్చియు కృపనుగూర్చియు తన మనస్సులో తాను పెనుగులాడి, తుదకు తన నోటితో "నేను నమ్ముచున్నాను" అని చెప్పు దినము వరకు సంఘము ఓపికతో కాచుకొని యుండవలెను. ఆ దినము రావచ్చును, రాకపోవచ్చును.

నేను బాప్తిస్మము కోరినప్పుడు సంఘపు పెద్దలును డీకన్లును నన్ను కూర్చుండబెట్టి ప్రశ్నించిరి. ఎవరి బలవంతము మీద వచ్చితివని యొకరు, మారుమనస్సనగా నీకేమి తెలియునని యొకరు, స్నేహితులందరు పొందుచున్నారని నీవును వచ్చితివా యని మరియొకరు అడిగిరి. మా తండ్రిగారు ఆ గదిలోనికి రాలేదు; రావలదని ఆయనయే నిశ్చయించుకొనెను. పిమ్మట సంఘమంతయు కూడి, చేతులెత్తి నా సాక్ష్యమును అంగీకరించినది. ఆ చేతులలో పొలము పనిచేసి కాయలు గాచిన చేతులును, కలము పట్టిన చేతులును ఉండెను. అన్నింటికిని విలువ ఒక్కటియే. నీటిలో మునుగుట క్రీస్తుతోకూడ పాతిపెట్టబడుటకును, నీటినుండి లేచుట ఆయనతోకూడ నూతన జీవమునకు లేచుటకును గురుతని రోమీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయమున పౌలు బోధించుచున్నాడు. చిలకరింపక సంపూర్ణముగా ముంచుట యందు మా పట్టుదలకు అర్థమిదియే: సమాధిని సూచింపవలసిన క్రియ సమాధివలె సంపూర్ణముగా కప్పవలెను.

మా లూథరను సోదరుల వాదము బలహీనమైనది కాదు. మనము దేవుని వెదకకమునుపే ఆయన కృప మనలను వెదకినదనియు, ఏమియు నెరుగని పసిబిడ్డయే ఆ కృపను ఊరక పొందువానికి ఉత్తమమైన దృష్టాంతమనియు వారు చెప్పుదురు. కృప మొదటిదను మాటను నేను మనసార ఒప్పుకొందును. కాని అపొస్తలుల కార్యములను చదువునప్పుడెల్ల నాకు కనబడు క్రమము వేరు. పెంతెకొస్తు దినమున వాక్యము నంగీకరించినవారు బాప్తిస్మము పొందిరి. సమరయలో ఫిలిప్పు బోధను నమ్మిన పురుషులును స్త్రీలును పొందిరి. ఫిలిప్పీ చెరసాల నాయకుని ఇంటివారందరును పొందిరనిన చోటనే, ఆ యింటివారందరికిని వాక్యము బోధింపబడెననియు, అతడు ఇంటిల్లిపాదితో దేవునియందు విశ్వాసముంచి ఆనందించెననియు వ్రాయబడియున్నది. వినుట, నమ్ముట, మునుగుట, ఇదియే వరుస. కృప పిలుపు వంటిది. పిలుపునకు ఉత్తరము పిలువబడినవాడే ఈయవలెను గాని, అతని పక్షమున మరియొకడు, తండ్రియైనను సరే, ఈయజాలడు.

తురుష్కునికిని కోరిన స్వాతంత్ర్యము

ఈ సూత్రము పాత గ్రంథములలో చల్లగా పుట్టినది కాదు. 1527 జనవరిలో జ్యూరిచ్ నగరపు పాలకులు, పెద్దలకు తిరిగి బాప్తిస్మమిచ్చిన నేరమునకై ఫెలిక్స్ మాంజును లిమ్మాట్ నదిలో ముంచి చంపించిరి. అతడు అనాబాప్తిస్టు, మా సంఘమునకు నేరుగా పూర్వీకుడు కాకపోయినను, ఆ భావబంధుత్వము త్రోసిపుచ్చరానిది. 1609లో ఆమ్‌స్టర్‌డాము నగరమున ప్రవాసియైయున్న జాన్ స్మిత్ అను ఆంగ్లేయుడు, తన చిన్న సమాజముతో, విశ్వాసుల బాప్తిస్మము మీద సంఘము కట్టెను. అతని సహచరుడైన థామస్ హెల్విస్ ప్రవాసమున క్షేమముగా దాగియుండుట తగదని 1612లో స్వదేశమునకు మరలి, లండను ప్రాకారముల వెలుపల స్పిటల్‌ఫీల్డ్స్‌లో ఇంగ్లండు నేలమీది తొలి బాప్తిస్టు సంఘమును స్థాపించెను.

ఆ హెల్విస్ వ్రాసిన గ్రంథమును గూర్చి తెలిసికొనిన నాడు నేను నిశ్చేష్టుడనైతిని. రాజు మానవమాత్రుడనియు, ప్రజల దేహములమీదను ఆస్తులమీదను అతనికి అధికారము కలదు గాని ఆత్మలమీద లేదనియు అతడు వాదించి, ఆ పుస్తకప్రతిని స్వహస్తముతో వ్రాసిన విన్నపముతో జేమ్సు రాజునకు సమర్పింపబూనెను. ఆ స్వాతంత్ర్యమును అతడు తన సంఘమునకు మాత్రమే కోరుకొనలేదు. మతభ్రష్టులనబడిన వారికిని, యూదులకును, ఆ నాటి భాషలో తురుష్కులనబడిన ముస్లిములకును అది చెందవలెననెను. తన్ను ఎవరును బాధింపకుండ చూచుకొనుట ఏ అల్పసంఖ్యాకునికైనను సహజమే. తనతో ఏకీభవింపని వాని మనస్సాక్షిని కూడ రక్షింపవలెనని, తన ప్రాణము పణముగా వాదించుట అసాధారణము. అతనిని న్యూగేటు చెరలో వేసిరి. 1616 నాటికి అతడు గతించెను.

తబూకునకు వచ్చిన పిమ్మట ఈ చరిత్ర నాకు గ్రంథవిషయముగా మిగులలేదు. దినమునకు ఐదు పర్యాయములు ఇక్కడి మసీదులనుండి ప్రార్థనకు పిలుపు వినబడును. నా తోటి పనివాండ్రు పని నిలిపి, చేతులు కాళ్ళు కడుగుకొని, వరుసగా నిలిచి మోకరింతురు. వారి భక్తిని చూచి నేను గౌరవభావముతో మౌనము వహింతును. అది భయమువలన కలిగినది కాదు. ఏ ఆత్మయైనను తన సృష్టికర్త యెదుట నిలుచు ఘడియ పవిత్రమైనదని నా సంఘమే నాకు నేర్పినది. ఈ దేశపు చట్టమునకు లోబడి జీవించుట నా విధి. ఆత్మను శాసించు అధికారము ఏ ప్రభుత్వమునకును, అది క్రైస్తవ ప్రభుత్వమైనను సరే, లేదనుట నా విశ్వాసము. క్రైస్తవ రాజ్యముల చెరసాలలలో పుట్టిన సంఘము మాది. కనుక రాజదండముతో మతమును నిలుపవలెనను కోరికను అది మొదటినుండియు పాపముగానే యెంచినది.

కరువులో మూసిన నీటి రేవు

ఇక నా సొంత ఊరి కథ చెప్పవలెను. విలియం కేరీగారు శ్రీరాంపురమున 1818లో తెలుగు క్రొత్తనిబంధనను అచ్చువేయించిరి. 1836లో అమెరికా బాప్తిస్టు మిషనరీ శామ్యూల్ డే దొరగారు తెలుగు దేశమునకు వచ్చి, 1840లో నెల్లూరున స్థిరపడిరి. ఎన్నేండ్లు పాటుబడినను ఫలము అత్యల్పమగుటచే, ఈ మిషనును మూసివేయుదమా యను చర్చ అమెరికాలో మరల మరల లేచినది. పటమున ఒంటరిగా నున్న ఒక్క చుక్కయని, దానికి 'ఒంటరి నక్షత్ర'మను పేరు వచ్చినది. 1854 జనవరి 1వ తేదీ తెల్లవారుజామున లైమన్ జ్యూయెట్ దంపతులు కొలదిమంది తెలుగు విశ్వాసులతో ఒంగోలు కొండనెక్కి ప్రార్థించిరి; ఆ కొండను మావారు నేటికిని ప్రార్థన కొండయని పిలుచుచున్నారు. 1866లో జాన్ క్లౌ దొరగారు ఒంగోలు చేరిరి. 1867 జనవరి 1వ తేదీన ఎనిమిదిమందితో సంఘము కూర్చబడెను.

మొదటి పరీక్ష కులమువలన వచ్చినది. యెర్రగుంట్ల పేరయ్యగారను మాదిగ కులస్థుడు, అంతకుముందే యోగమార్గమున సత్యమును వెదకినవాడు, 1866లో బాప్తిస్మము పొంది, చెప్పులు కుట్టు పల్లెలలో సువార్తను తానే చాటనారంభించెను. మాదిగలను చేర్చుకొనినచో తాము రామని అగ్రవర్ణస్థులు కొందరు తెలిపిరి. క్లౌగారును వారి భార్యయు, ఒకరికి తెలియకుండ ఒకరు, అదే దినమున కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయమును తెరచి, లోకములో నీచులైనవారిని దేవుడేర్పరచుకొనెనను భాగమును చదివిరని ఆయన తన ఆత్మకథలో చెప్పుకొనిరి. నిర్ణయము జరిగినది, తలుపు మూయబడలేదు.

రెండవ పరీక్ష కరువు. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును మ్రింగిన ఆ కాటకమున, క్లౌగారు బకింగుహాము కాలువలో దాదాపు మూడున్నర మైళ్ళ త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, వేలాది కూలీలకు పనిని, కూలిని కల్పించిరి. ఆ త్రవ్వకపు గట్లమీద బోధకులు తమ జనుల నడుమ పనిచేయించుచు, విశ్రాంతివేళ వాక్యము చెప్పిరి. బాప్తిస్మము కావలెనని జనులు గుంపులుగా వచ్చి వేడుకొనిరి. కరువు సాయము చేతిలో నున్నంతకాలము, ఏడాదికి మించి, ఆయన ఎవ్వరికిని బాప్తిస్మమీయలేదు. ఆకలిగొన్నవాని "అవును" స్వతంత్రమైన "అవును" కాదు. అన్నము పెట్టు చేయియే బాప్తిస్మమిచ్చు చేయియైనచో, ఆ నీటిలో మునుగునది కడుపే గాని ఆత్మ కాదు. సంఖ్యలను కోరు మిషనరీకి అంతకన్న అనుకూలమైన సమయము దొరకదు. అయినను ఆయన నీటి రేవును మూసివేసిరి. నేను బాప్తిస్టుగా నుండుటకు గల కారణములలో ఈ నిరాకరణమునకు నేను అగ్రస్థానమిత్తును.

సాయము ముగిసి, పంపిణీకి ధనము లేదని తెలిసిన పిమ్మటను జనులు తిరిగి వచ్చిరి. 1878 జులై 2, 3, 4 తేదీలలో ఒంగోలునకు ఉత్తరముననున్న వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో క్రమముగా 614 మంది, 2,222 మంది, 700 మంది బాప్తిస్మము పొందిరి. నడిమి దినమున తెలుగు బోధకులు ఆరుగురు, ఇద్దరిద్దరు చొప్పున వంతులువేసికొని, ఉదయము మొదలు సాయంకాలము వరకు నీటిలో నిలిచిరి; ముంచిన చేతులన్నియు తెలుగు చేతులే.

పల్లె పల్లెయే కదలివచ్చినప్పుడు, కుటుంబపు పెద్ద ముందు నడువగా తక్కినవారు వెంట నడిచినప్పుడు, అందు వ్యక్తి సమ్మతి యెక్కడిదని విమర్శకులు అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. దానికి నేను కనుగొనిన ఉత్తరమిది. ఎక్కడ కాపురముండవలెనో, ఏ బావినీరు త్రావవలెనో, ఎవరి యెదుట చెప్పులు విడువవలెనో, ఏ కూలికి చాకిరి చేయవలెనో, ఇందు ఏ యొక్కదానిలోను తరతరములుగా సమ్మతి అడుగబడని జనము వారు. అట్టివానిని బోధకుడు ముందుగా ప్రశ్నించి, అతని యెరుకను విచారించి, తోటివారి సాక్ష్యము తీసికొని, నీటిలో అతని పక్కన నిలిచినాడు. ఒక మాదిగ స్త్రీని "నీవు నమ్ముచున్నావా?" యని యడిగి, ఆమె ఉత్తరమునకై నలుగురు నిలిచి వేచియుండుట ఆ దేశకాలములలో సామాన్య విషయమా? మా నాయనమ్మకు చదువు రాదు. అయినను సంఘపు కూటములలో ఆమె చేయి ఎత్తుచుండెను, ఆ చేతిని లెక్కించుచుండిరి. మా యింట పౌరసత్వము ఓటుహక్కుతో రాలేదు. అంతకు ముందే, ప్రశ్నింపబడుటతో వచ్చినది.

కాపరి రాకమునుపే కూడిన మంద

ప్రతి స్థానిక సంఘమును క్రీస్తు క్రింద స్వతంత్రమనియు, బిషప్పు ఆజ్ఞ దానిమీద నుండదనియు, విశ్వాసులందరును యాజకులేయనియు మా బోధ. 1947లో దక్షిణ ఇండియా సంఘైక్యము ఏర్పడినప్పుడు తెలుగు బాప్తిస్టులు వెలుపల నిలిచిపోవుటకు ఈ నమ్మకమే ముఖ్యకారణము. ఈ స్వాతంత్ర్యము కలహములకును, ఆస్తి వ్యాజ్యెములకును, సంఘములోపల కులగర్వమునకును ద్వారము తెరచినదను బాధ నాకు లేకపోలేదు. సమ్మతి మీద నిలిచిన యిల్లు, నివసించువారు అసమ్మతులైనప్పుడు కంపించుట తప్పదు. అయినను పైనుండి ఆజ్ఞాపింపబడిన శాంతికన్న, క్షమాపణచేత మరల మరల సంపాదింపవలసిన శాంతినే నేను కోరుకొందును.

ఈ స్వాతంత్ర్యపు బలము దూరదేశమున తెలియును. చెరకు తోటలకును తేయాకు తోటలకును కూలీలుగా నటాలునకు తరలిపోయిన తెలుగువారిలో బాప్తిస్టులుండిరి. వారికొరకై తెలుగు బాప్తిస్టుల హోం మిషను సంఘము 1903లో జాన్ రంగయ్యగారిని దక్షిణాఫ్రికాకు పంపగా, ఆ సంవత్సరమే కెర్స్నీ తేయాకు తోటలో తెలుగు బాప్తిస్టు సంఘము ఏర్పడెను. తెల్లదొరలు పంపిన మిషను కాదది. మన పేదలు తమ కానుకలతో తమవారికి పంపుకొనిన కాపరి. ఆయన వెళ్ళునప్పటికే అచ్చట విశ్వాసులు ఉండిరి. అందుచే సంఘము నిలుచుటకు ఆలస్యము కాలేదు.

తబూకు మండలముననే, ఎర్ర సముద్రము దిక్కున, ప్రాచీన మిద్యాను దేశము కలదు. అల్-బద్ ఊరివద్ద కొండలలో తొలిచిన సమాధిగృహములను చూచుటకు యాత్రికులు పోవుచుందురు. మోషే మామ మందలను కాచిన దేశమిదియే. యెరూషలేము సభ యెదుట స్తెఫను చేసిన ప్రసంగమును ఇక్కడ చదివినప్పుడు దాని వాదబలము నాకు బోధపడినది: దేవుడు అబ్రాహామునకు మెసొపొతమియలో ప్రత్యక్షమయ్యెననియు, ఐగుప్తులో యోసేపునకు తోడైయుండెననియు, మోషేకు అరణ్యములో ప్రత్యక్షమయ్యెననియు, ఈ స్థలములలో దేనియందును దేవాలయము లేదనియు చూపి, సర్వోన్నతుడు హస్తకృతాలయములలో నివసింపడని అతడు తీర్మానించెను. ఆలయము లేనందున దేవుడు తబూకున లేకపోలేదు.

అయితే దేవుడుండుట వేరు, సంఘముండుట వేరు. నా సభ్యత్వము ఒంగోలు ప్రాంతపు మా సంఘముననే యున్నది. ఫోనులో ఆరాధన వినుచున్నాను, కానుక పంపుచున్నాను, రోగులకొరకై వారు చెప్పిన పేర్లను వ్రాసికొని ప్రార్థించుచున్నాను. కాని ప్రభురాత్రి భోజనమును గదిలో ఒంటరిగా తీసికొనుట నా మనస్సాక్షి కొప్పదు. రొట్టె ఒక్కటియని, అనేకులమైన మనము ఒక్క శరీరమని పౌలు బోధించిన బల్ల యది. పక్కవానికి అందింపని రొట్టె బల్ల రొట్టె కాదు. కనుక సెలవులో ఊరికి పోవునంతవరకు నేను దానికి దూరముగా నున్నాను. ఈ లోటు నన్ను నొప్పించుచున్నది, నొప్పింపవలెను కూడ. ఆత్మ దేవుని యెదుట ఒంటరిగా ఉత్తరమీయవలెనను సూత్రమును పట్టుకొని, ఇక సంఘముతో పనిలేదని తలంచువాడు సగము సత్యమును మాత్రమే పట్టుకొనినాడని ఈ ఎడారి నాకు నేర్పినది. నా ఉత్తరము నాదే. దానిని విని, ఎత్తిన చేతులతో అంగీకరించి, నేను తప్పినప్పుడు నాకు జ్ఞాపకము చేయుటకు సాక్షులు కావలెను. ఆ సాక్షులే సంఘము.

ఈ నమ్మకమునకు చెల్లించు వెల

నా మిత్రునకు ఈ మాటలన్నియు చెప్పితిని. అతడు ఓర్పుతో విని, తన బిడ్డలు పుట్టిన కొలదివారములకే బాప్తిస్మము పొందిరనియు, వారు దేవుని యింటివారని ఆనాటినుండి తాను నిశ్చింతగా నున్నాననియు అనెను. ఆ నిశ్చింత నాకు లేదు. నా కుమారుడు ఊరిలో తన అవ్వతాతల యొద్ద పెరుగుచున్నాడు; ఆదివారపు బడికి పోవుచున్నాడు; వాక్యములను కంఠస్థము చేయుచున్నాడు; కాని ఇంతవరకు బాప్తిస్మము కోరలేదు. తోటి పిల్లలు కొందరు కోరిరి. నీవెప్పుడని వానిని అడుగవలెనని నోటివరకు వచ్చిన మాటను నేను మ్రింగుకొనుచున్నాను. దూరమునున్న తండ్రి మాట బిడ్డకు ఆజ్ఞవలె తోచును. నన్ను సంతోషపెట్టుటకై వాడు నీటిలోనికి దిగినచో, వాని జీవితమున వానిదే కావలసిన ఒక్క మాటను నేను దొంగిలించినవాడ నగుదును. కరువుకాలపు రేవును మూయించిన సూత్రమే నా నోటిని మూయుచున్నది. వానికొరకై ప్రార్థింతును, వానియెదుట నిజాయితీగా జీవింప యత్నింతును, అడిగినప్పుడు నేనెరిగినంత చెప్పుదును. వాడు "అవును" అనిన దినమున నాకు కలుగు ఆనందమునకు మేర యుండదు. "కాదు" అనినచో నా హృదయము దుఃఖించును. అయినను ఆ మాట వానిదిగా నుండు హక్కును కాపాడుటకు వాని పక్కన మొదట నిలుచువాడను నేనే కావలెను. బలవంతము చేయని దేవుని నమ్మినవానికి వేరొక మార్గము లేదు. అందుచేతనే నేను బాప్తిస్టును.